బైక్ రేసు కేసు: కోర్టులో ఒప్పేసుకుని ఫైన్ కట్టేయొచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట. పెద్దబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం, 20 ఏళ్లు. మొన్న శనివారం అర్ధరాత్రి రాయదుర్గం దగ్గర బైక్ రేసులో దొరికాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బండి నా పేరు మీద ఉంది, స్టేషన్లో పెట్టారు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, మోటారు వాహనాల చట్టం 184, 189 సెక్షన్లు పెట్టి, నోటీసు ఇచ్చి వాడిని పంపించారు. వాయిదా రోజు వెళ్లి ఒప్పేసుకుంటే వెయ్యో రెండు వేలో ఫైన్‌తో పోతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. వాడికి ఎస్‌ఐ కావాలని చిన్నప్పటి నుంచీ ఆశ. అది కుదరకపోతే ఎమ్మెస్‌కి అమెరికా పంపిద్దామనుకున్నాం. రెండూ పోయినట్టేనా? ఇంటర్ చదివే చిన్నవాడు కూడా సెలవుల్లో ఇదే బండి తోలుతుంటాడు.

సమాధానం: నమస్కారం అండీ. రెండూ పోలేదు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. కానీ ఆ తెలిసినాయన సలహా మాత్రం పాటించకండి, కనీసం వకీలును కలిసేదాకా.

చాలామంది తల్లిదండ్రులు దీన్ని చలానాలాగే చూస్తారు. హెల్మెట్ లేదని ఫోన్‌కి చలానా వస్తుంది, కట్టేస్తాం, అయిపోతుంది. కోర్టులో మేజిస్ట్రేట్ 'నేరం ఒప్పుకుంటావా' అని అడిగినప్పుడు 'ఒప్పుకుంటున్నా సార్' అని ఫైన్ కట్టడం అలాంటిది కాదు. కట్టింది వెయ్యి రూపాయలే అయినా అది శిక్ష, రికార్డులో మీవాడు దోషిగా తేలినట్టే. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపాల్సిన అటెస్టేషన్ ఫారం ఒకసారి తెప్పించి చూడండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఇప్పుడు ఏదైనా కేసు పెండింగ్‌లో ఉందా అని వరసగా అడుగుతారు. జైలు గురించి అడిగినట్టే జరిమానా గురించి కూడా విడిగా అడుగుతారు.

ఇప్పుడు సెక్షన్ల సంగతి. ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా రోడ్డు మీద రేసు పెట్టుకుంటే 189 కింద మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా పడొచ్చు. 2019లో చట్టం మార్చకముందు మొదటిసారికి 500 రూపాయలే ఉండేది, అందుకే పాతకాలం వాళ్లు ఇంకా తేలిగ్గా మాట్లాడతారు. 184 అంటే ప్రమాదకరంగా నడపడం. దీనికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 281 అంటే ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు వచ్చేంత నిర్లక్ష్యంగా నడపడం. దీనికి 6 నెలల వరకు జైలు, లేదా వెయ్యి వరకు జరిమానా, లేదా రెండూ. ఇది బెయిలు ఇచ్చే సెక్షనే.

ఈ మూడింటిలో 189కి ఒక వెసులుబాటు ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 ప్రకారం రాజీ రుసుం కట్టి ముగించుకునే నేరాల జాబితాలో అది ఉంది. అలా ముగిస్తే శిక్ష పడినట్టు కాదు. 184కి ఆ దారి సెల్‌ఫోన్ పట్టుకుని నడిపిన కేసుల్లో మాత్రమే ఉంది, 281కి అసలు లేదు. కాబట్టి వకీలును మొదట అడగాల్సింది 281, 184 నిలబడతాయా అనే. అవి పోతే 189 ఒక్కటీ రాజీతో ముగించుకోవచ్చు. లోక్ అదాలత్‌లో ముగిద్దామని ఎవరైనా అన్నా, అది రాజీ కింద రాస్తారా, నేరం ఒప్పుకున్నట్టు రాస్తారా అని ముందే తెలుసుకోండి.

నిలబడతాయా అంటే, కాగితాలు చూడకుండా నేను చెప్పలేను, కానీ వకీలు ఎక్కడెక్కడ చూస్తారో చెబుతాను. వేగంగా వెళ్లాడని చెప్పినంత మాత్రాన 281 రుజువు కాదు. ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు వచ్చేంత నిర్లక్ష్యంగా నడిపాడని చూపించాలి. వేగం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. 189కి బండ్ల మధ్య పోటీ జరిగిందని, అందులో మీవాడు ఉన్నాడని తేలాలి. ఆ రోడ్ల మీద శనివారం రాత్రుళ్లు చూడ్డానికి వచ్చి నిలబడేవాళ్లు కూడా ఉంటారు, అందరినీ కలిపి తీసుకెళ్లడం జరుగుతుంటుంది. బండి ఎవరు నడిపారో ఎలా గుర్తించారు? నంబరు ప్లేటు చూసి మాత్రమేనా? సీసీ కెమెరా వీడియోనో ఫోన్ వీడియోనో సాక్ష్యంగా పెడితే, సాక్ష్యాల చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 కింద, ఆ వీడియో ఎలా తీసిందో ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేశారా? ఏడాదిలోపు ఛార్జిషీటు కోర్టుకు చేరిందా? వీటిలో ఏ ఒక్కటి తప్పినా కేసు బలహీనపడుతుంది. మరీ ఆధారాలు లేకపోతే కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేసే అవకాశమూ ఉంది.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. 'బండి నేను తోలలేదు, ఫలానా ఫ్రెండ్ తోలాడు' అని అబద్ధం చెప్పించడం, ఇన్‌స్టాలో వీడియోలు ఉంటే డిలీట్ చేయించడం. అది ఇంకో కేసుకు దారి తీస్తుంది, పైగా ఎస్‌ఐ కావాలనుకునే పిల్లవాడు చేయాల్సిన పని కాదు.

నిజంగా రేసు చేశాడు, సాక్ష్యాలు గట్టిగా ఉన్నాయి అనుకోండి. అప్పుడు కూడా ఊరికే ఫైన్ కట్టి రావడం కంటే మంచి దారి ఉంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద, మొదటి తప్పు అయితే, వయసు, నడవడిక చూసి కోర్టు మందలించి గానీ, మంచి ప్రవర్తన బాండు మీద గానీ వదిలేయొచ్చు. ఆ చట్టం సెక్షన్ 12 ప్రకారం, శిక్ష వల్ల వచ్చే అనర్హత అలా వదిలినవాళ్లకు వర్తించదు. జరిగిన విషయాన్ని ఉద్యోగం ఇచ్చేవాళ్లు లెక్కలోకి తీసుకోకుండా ఇది ఆపలేదు, అది నిజం. అయినా వట్టి జరిమానాతో పోలిస్తే చాలా మేలు. చాలాసార్లు అడిగితేనే వస్తుంది, అందుకే తీర్పుకు ముందే వకీలు చేత అడిగించండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హత ఉందేమో కనుక్కోండి.

ఎస్‌ఐ విషయానికి వస్తే, కేసు ఎలా ముగిసినా దాచకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఈ విషయం వివరంగా చెప్పింది. ఫారంలో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో జరిగిన చిన్నపాటి కేసు అయితే నియమించే అధికారి దాన్ని క్షమించి ఉద్యోగం ఇవ్వొచ్చు. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలనేం లేదు, పోలీసు శాఖలో ఇంకాస్త గట్టిగానే చూస్తారు. కానీ దాచినట్టు తర్వాత బయటపడితే, కేసు చిన్నదే అయినా దాచడమే పెద్ద తప్పు అవుతుంది. ట్రైనింగ్ మధ్యలో వెనక్కి పంపిస్తే ఆ పిల్లవాడి బాధ ఎలా ఉంటుందో ఊహించండి. నిజం రాసి, తీర్పు కాపీ జత చేస్తే, ఎంపిక కాకపోయినా ఇంకో నోటిఫికేషన్‌కు తలెత్తుకుని వెళ్తాడు.

అమెరికా సంగతి కొంచెం వేరు. వీసా కోసం నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. మీవాడికి నోటీసు ఇచ్చి పంపించారా, అరెస్టు చేసి స్టేషన్ బెయిల్ ఇచ్చారా అన్నది ఇక్కడే ముఖ్యం. రెండూ ఒకటి కాదు. ఆ నోటీసు కాగితం జాగ్రత్తగా దాచండి, సందేహం ఉంటే అరెస్టు మెమో ఉందేమో వకీలు చేత చూపించుకోండి. పాస్‌పోర్టు ఇంకా లేకపోతే, ఎఫ్‌ఐఆర్ ఒక్కదానితోనే దాన్ని ఆపకూడదు గానీ, కోర్టు కేసును విచారణకు తీసుకున్నాక మాత్రం ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కేసు ముగిశాక తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు సెట్లు తీసి పెట్టుకోండి, ఏళ్ల తర్వాత కోర్టు రికార్డు రూములో వెతికించడం చాలా కష్టం.

లైసెన్సు విషయం కూడా చూసుకోండి. రేసు కేసులో పోలీసులు లైసెన్సు తీసుకుని ఆర్‌టీఓకు పంపిస్తారు, మొదటిసారికి 3 నెలలు రద్దు చేసే అధికారం వాళ్లకుంది. కానీ ముందు మీవాడి మాట వినాలి. ఆ నోటీసు వస్తే పక్కన పడేయకుండా వెళ్లి సమాధానం ఇవ్వమనండి. బండికి సైలెన్సర్ మార్పించి ఉంటే కంపెనీది పెట్టించేయండి, అది వేరే నేరం. రేసు వాడకానికి ఇన్సూరెన్సు వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ఆ రాత్రి ఎవరికైనా తగిలి ఉంటే ఆ భారం యజమానిగా మీ మీదకే వచ్చేది.

అందుకే చిన్నవాడి విషయంలో గట్టిగా చెబుతున్నాను. 18 నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తండ్రినో యజమానినో దోషిగా భావిస్తారు. 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మీకు తెలియకుండా తీసుకెళ్లాడని మీరే రుజువు చేసుకోవాలి. బండి విడిపించుకున్న రోజే తాళం మీ దగ్గర పెట్టుకోండి.

పెద్దవాడితో మాట్లాడేటప్పుడు వేగం ఇష్టమా, ఫ్రెండ్స్ కోసం వెళ్లాడా అని అడగండి. ఇష్టమే అయితే దానికి సరైన చోట్లు ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ చుట్టూ ఫార్ములా ఈ పోటీ జరిగింది కదా, ప్రభుత్వ అనుమతితో రోడ్డు మూసేసి, అంబులెన్సులు పెట్టి. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకుల్లో ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసులను చూసే సంఘం) లైసెన్సుతో పోటీ చేయొచ్చు. బీటెక్ పిల్లలకు బాహా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి కాలేజీ పోటీలు ఉన్నాయి, బండి వాళ్లే తయారు చేసి నడపాలి. వాళ్ల కాలేజీలో అలాంటి టీమ్ ఉందో లేదో ఈ వారమే కనుక్కోమనండి. మూడో ఏడాదిలో చేరినా ఒక సీజన్ దొరుకుతుంది.