పరుగుకు పేరిచ్చిన అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

బెంగళూరులో జరిగే పది కిలోమీటర్ల పరుగుకు నువ్వు పేరు నమోదు చేసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గుండె లయ తప్పుతోందని తెలిసిన ఏడాదిలోనే పిల్ల ఇలాంటి పనికి సిద్ధమైందని, నేనైనా గట్టిగా మందలించాలని ఆమె కోరిక. మన ఇంట్లో ఇంతవరకు ఏ ఆడపిల్లా పరుగుకు పేరివ్వలేదు; అందుకే ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది గర్వమే. బెంగ ఆ తర్వాత మొదలైంది. నీకున్న ఈ ఎక్టోపిక్ బీట్స్‌తోనే, అంటే వంతు రాకముందే వచ్చే అదనపు గుండె స్పందనలతోనే, నేను నీ వయసు నుంచి బతుకుతున్నాను కనుక, డాక్టర్లు రెండు నిమిషాల్లో ముగించే ఈ సంగతిలో చెప్పకుండా మిగిలిపోయేవి ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. నువ్వు పరుగెత్తు, నేను వద్దనను. అయితే ఈ ఉత్తరం పూర్తిగా చదివిన తర్వాతే బూట్లు తొడుక్కో.

నీ రిపోర్టులన్నీ చూశాను. గుండెకు చేసే స్కాన్ అయిన ఎకోలో గుండె నిర్మాణం, పంపింగ్ సక్రమంగా ఉన్నాయి. ట్రెడ్‌మిల్ మీద వేగం పెరిగేకొద్దీ ఆ అదనపు స్పందనలు తగ్గి మాయమయ్యాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొటాషియం బాగున్నాయి. చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారు మన రెండు వైపుల కుటుంబాల్లోనూ లేరు. ఇవన్నీ చూసుకున్న తర్వాతే డాక్టరు గారు ప్రమాదం లేదన్నారు కనుక ఆ మాటను నమ్ము. నమ్మడమంటే పైకి తల ఊపి, రాత్రి పక్క మీద చేరగానే మళ్లీ ఛాతీ మీద చెయ్యి వేసుకుని వింటూ పడుకోవడం కాదు తల్లీ. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరై ప్రతి చప్పుడూ పెద్దదిగా తెలుస్తుంది. కుడివైపుకు తిరిగి పడుకో.

లోపల జరిగేది ఇంతే. గుండెలోని కింది గదుల్లో ఏదో ఒక చోటు తన వంతు రాకముందే సంకేతం పంపితే గుండె తొందరపడి ఒకసారి ముడుచుకుంటుంది. అప్పటికి రక్తం సరిగా నిండి ఉండదు కనుక ఆ స్పందన మణికట్టు దాకా అందకపోవచ్చు. దాని వెనుక మామూలు కంటే కొంచెం పొడవైన విరామం వస్తుంది, ఆ విరామంలో గుండె బాగా నిండుతుంది, తర్వాతి స్పందన బలంగా తగులుతుంది. గుండె ఆగి ఒక్కసారి తన్నినట్టుందని నువ్వు మీ అమ్మతో అన్నది దీని గురించే. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండెలో ఇలాంటివి కొన్ని రావడం ఆరోగ్యవంతుల్లోనూ సర్వసాధారణం. 1985లో కెనెడీ అనే అమెరికా వైద్యుడు తన సహచరులతో కలిసి, గుండె జబ్బు లేకుండా గంటకు సగటున 566 అదనపు స్పందనలు ఉన్న 73 మందిని ఏళ్ల తరబడి గమనించి, వారి ఆయుష్షు మిగతా ఆరోగ్యవంతుల ఆయుష్షుకు తీసిపోలేదని రాశారు. నీకు వస్తున్నవి ఆ లెక్కకు చాలా తక్కువ.

ఇంత తెలిసీ మీ అమ్మ ఎందుకు ఏడుస్తుందో నీకు అర్థం కావాలంటే మీ తాతయ్య సంగతి తెలియాలి. ఆయన ఇక్కడే రైలు పెట్టెలు తయారుచేసే ఐ.సి.ఎఫ్.లో పనిచేసేవారు. నలభై దాటిన కొత్తలో ఒక రాత్రి భోజనం చేసి లేస్తుండగా గుండె తప్పి కొట్టుకుంది. వీధి చివర ఉండే వైద్యుడు నాడి పట్టుకుని, గుండె బలహీనంగా ఉంది, శ్రమ పనికిరాదు అని చెప్పి వెళ్లాడు. ఆ ఒక్క మాట మీద మన ఇంటి బతుకు మారిపోయింది. మేడ మీది మంచం కిందికి వచ్చింది. సాయంత్రపు నడక ఆగింది. కూరల్లో ఉప్పు తగ్గింది. ఆయన గడువుకు ముందే ఉద్యోగం వదిలేశారు. వాకిట్లో కుర్చీ వేసుకుని, కుడిచేతి వేళ్లతో ఎడమ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారు. తప్పినప్పుడల్లా అమ్మను పిలిచేవారు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది పెరిగితే ఈ స్పందనలూ పెరుగుతాయి. లెక్కపెట్టేకొద్దీ లెక్క పెరిగింది. నడక లేక కండలు కరిగిపోయాయి. ఆ తర్వాత నాలుగు మెట్లెక్కినా ఆయాసం వచ్చేది, ఆ ఆయాసమే గుండె జబ్బుకు రుజువని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

నెల్లూరులో మా అత్తయ్య కూతురి పెళ్లి జరిగింది. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసిన మేనమామ ఈయనే. మూడు గంటల రైలు ప్రయాణం, ఆపైన బుట్ట మోయడం, ఆ గుండె తట్టుకోదని చెప్పి వెళ్లలేదు. వేరెవరో ఆ బుట్ట పట్టారు. అత్తయ్య పైకి ఒక్క మాట అనలేదు కాని చివరిదాకా ఆ పెళ్లి ఊసు వస్తే మౌనంగా లేచి వెళ్లిపోయేది. కంటి శుక్లం ఆపరేషనుకు ముందు ఒక పెద్ద డాక్టరు ఇ.సి.జి., ఎకో తీయించి, మీ గుండెకు ఏ జబ్బూ లేదు, ఇన్నాళ్లూ ఎందుకు నడవలేదు అని అడిగిన రోజున మా నాన్న జవాబు చెప్పలేక తల దించుకున్నారు. ఆయన ఎనభై దాటి బతికారు, న్యుమోనియాతో పోయారు. పదేళ్లకు పైగా ఆయనను వాకిట్లో కూర్చోబెట్టింది జబ్బు కాదు, ఎవరూ ప్రశ్నించని ఒక మాట. మీ అమ్మ మాలో చిన్నది. నాన్న గుండె అదురుతుందని బంతి ఆడనివ్వని ఇంట్లో, తలుపు గట్టిగా వేసినా దెబ్బలు తినే ఇంట్లో పెరిగింది. నీ పరుగు గురించి వినగానే ఆమెకు కనిపించింది ఆ కుర్చీయే.

అందుకే నీ చేతికున్న స్మార్ట్ వాచీ గురించి నాకు కోపం. నిమిషానికోసారి దాన్ని చూసుకుంటున్నావట. అది తాతయ్య మణికట్టు లెక్కకు కొత్త రూపమే. పైగా ముందుగా వచ్చే స్పందన మణికట్టుకు సరిగా అందకపోతే వాచీ దాన్ని వదిలేసి, నాడి ఉన్నదానికంటే తక్కువగా చూపించవచ్చు. నువ్వు గుండె మందగించిందని హడలిపోతావు. పరుగుకు దూరం, సమయం చూసుకో. నాడి చూసుకోవడం మానెయ్యి. లక్షణం ఏదైనా కొత్తగా తోస్తే మాత్రం అందులో ఇ.సి.జి. తీసి డాక్టరుకు చూపించు. అందుకు అది నిజంగా పనికొస్తుంది. గుండె లయను నమోదు చేయడానికి డాక్టర్లు నీకు ఒక రోజంతా తగిలించిన హోల్టర్ యంత్రాన్ని నార్మన్ హోల్టర్ 1940లలో మొదట తయారుచేసినప్పుడు అది దాదాపు 38 కిలోల బరువు, వీపున మోయవలసి వచ్చేది. ఈనాడు అరచేతిలో ఇమిడే ఆ పరీక్ష తాతయ్యకు ఆ రోజుల్లోనే చేసి ఉంటే ఆ కుర్చీ వాకిట్లోకి వచ్చేదే కాదు.

మాత్రల విషయంలో నేను చాలా కఠినంగా చెబుతున్నాను. మన బంధువుల్లో గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారు ఉన్నారు, "నాకు దడ తగ్గింది, నువ్వూ వేసుకో" అని ఒక స్ట్రిప్ చేతిలో పెట్టగల మంచి మనసున్నవారు కూడా ఉన్నారు. తీసుకోకు. నీకు చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవి. ఉబ్బసం ఉన్నవారికి ఆ మందుల్లో కొన్ని ఊపిరి ఆడనివ్వవు. ఈ స్పందనలను అణచివేయడమే మేలనుకోవడం ఎంత ప్రమాదమో వైద్యులే ఒకసారి తెలుసుకున్నారు. గుండెపోటు నుంచి కోలుకున్నవారిలో వీటిని మందులతో అణిస్తే ప్రాణాలు నిలుస్తాయన్న నమ్మకంతో 1980ల చివర కాస్ట్ అనే పరీక్ష జరిపారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు స్పందనలను అణచాయి, ఇ.సి.జి. శుభ్రపడింది, కాని మందు తీసుకున్న 755 మందిలో 63 మంది పోయారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది పోయారు. 1989లో ఆ రెండు మందులనూ ఆ పరీక్షలో ఆపేశారు. వారు గుండెపోటు వచ్చినవారు, నీ స్థితి వేరు, అయినా ఇ.సి.జి. అందంగా కనిపించడం కోసం మందు మింగకూడదన్న సంగతి అందరికీ వర్తిస్తుంది. మామూలు జలుబుకు షాపులో అడిగి తెచ్చుకునే ముక్కు దిబ్బడ మాత్రలు కూడా దడను పెంచగలవు, ఆవిరి పట్టుకో.

కాఫీ మానెయ్యమని మీ అత్తగారు చెబుతున్నారట. 2023లో ప్రచురించిన ఒక పరిశోధనలో శాన్‌ఫ్రాన్సిస్కోలో 100 మందికి ఒకరోజు కాఫీ తాగమని, మరో రోజు మానమని చెప్పి చూశారు. పై గదుల్లో పుట్టే అదనపు స్పందనల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కింది గదుల్లో పుట్టేవి మాత్రం రోజుకు 102 నుంచి 154కు పెరిగాయి. నిద్ర 36 నిమిషాలు తగ్గింది. నన్నడిగితే ఉదయం ఒక ఫిల్టర్ కాఫీ తాగు, మధ్యాహ్నం దాటాక వద్దు, ఎందుకంటే నా అనుభవంలో ఈ గుండెను రేపేది కాఫీ కంటే నిద్రలేమే. రాత్రి రెండింటి దాకా ఆఫీసు కాల్స్ మాట్లాడి తెల్లవారుజామున కబ్బన్ పార్కులో పరుగెత్తవద్దు. ఆ రోజు పడుకో.

పరుగు విషయం నీకే ఎక్కువ తెలుసు. నీళ్లు తాగు, జ్వరం ఉంటే మానుకో, చివర్లో ఒక్కసారిగా ఆగిపోకుండా నడుస్తూ నెమ్మదించు. శ్రమ తగ్గేటప్పుడు ఆ స్పందనలు మళ్లీ తలెత్తడం మామూలే.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. డాక్టరు ప్రమాదం లేదన్నది ఆనాటి పరీక్షల్లో కనిపించిన గుండె గురించి. ఆ మాటను కవచంలా తొడుక్కుని కొత్త లక్షణాన్ని దాచుకుంటావేమోనని నా భయం; చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా చెప్పని మొండిపిల్లవు నువ్వు. పరుగులో కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి లేదా బిగుతు వచ్చినా, ఎన్నడూ లేని ఆయాసం వచ్చినా, శ్రమ పెరిగేకొద్దీ స్పందనలు తగ్గకుండా పెరిగినా, దడ మొదలై ఎంతసేపటికీ ఆగకపోయినా అక్కడే ఆగి ఎవరినైనా పిలవాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. స్పృహ తప్పడం ఒక్కసారైనా చిన్న విషయం కాదు. 2021 అక్టోబరు 29న కన్నడ సినీనటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే కన్నుమూసినప్పుడు బెంగళూరులో గుండె పరీక్షల కోసం జయదేవ ఆసుపత్రికి జనం పోటెత్తారు. ఆ భయం కొన్నాళ్లకు చల్లబడింది. నువ్వు మాత్రం భయంతోనూ వెళ్లకు, నిర్లక్ష్యంతోనూ మానకు, లక్షణాన్ని బట్టి వెళ్లు. దూరం పరుగెత్తే రోజుల్లో ఒంటరిగా వెళ్లవద్దు. మొత్తం స్పందనల్లో ఈ అదనపువి పది శాతం దాటి ఏళ్లపాటు కొనసాగితే గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంటుంది. అది ముందే తెలిస్తే మందులతోనో, ఆ సంకేతం పుట్టే చోటును కాల్చివేసే అబ్లేషన్‌తోనో చాలావరకు సరిచేయగలుగుతారు. నీ హోల్టర్‌లో ఒక శాతం కూడా లేదు. అయినా మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో డాక్టరునే అడిగి, ఆ తేదీ రాసిపెట్టుకో.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, కాని నా మాట చాలదు. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమెను బెంగళూరు పిలిపించుకుని వెంట తీసుకువెళ్లు. ఎకో తెర మీద నీ గుండెను ఆమె తన కళ్లతో చూడాలి; తాతయ్య తరఫున మేమెవ్వరం అడగని ప్రశ్నలన్నీ ఆమె అడగాలి, ఎంతసేపైనా నువ్వు తొందరపెట్టకుండా పక్కన కూర్చోవాలి. టికెట్టు నేను కొని పంపుతాను, తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ