వేలిముద్ర వేసేముందు

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. చదువు రాదు. కొత్త మందు ట్రయల్‌లో చేరితే మందులు, పరీక్షలు అన్నీ ఉచితమని చెప్పి, ఆసుపత్రిలో పాతిక పేజీల కాగితాల మీద వేలిముద్ర అడిగారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఈరోజే మాత్రం వద్దు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వబోమంటే ఆ ట్రయల్ జోలికి పోకపోవడమే మంచిది. అందులో ట్రయల్ వివరాల పత్రం ఒకటి, సమ్మతి పత్రం ఒకటి ఉంటాయి. రెండూ తెలుగులో ఉండాలి. అమ్మకు చదివి వినిపించాక, "నీకేం అర్థమైందమ్మా?" అని ఆమెనే అడగండి. "డాక్టరుగారు మంచి మందిస్తారట" అని మాత్రమే అంటే ఆమెకు విషయం ఇంకా చేరలేదు. ఆ మందు ఎంత పనిచేస్తుందో, ఎంత చెరుపు చేస్తుందో తేల్చుకోవడానికే ట్రయల్ పెడతారు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది: ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు ఆపేస్తారా? ట్రయల్‌లో కొందరికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, ఇవ్వొచ్చు. ఎవరికి ఏది వెళ్లిందో చాలాసార్లు డాక్టరుకూ తెలియదు. అమ్మ ఆ గుంపులో పడి షుగర్ పెరుగుతుంటే, ఎంతకు చేరాక మామూలు మందు మొదలుపెడతారో ఆ అంకె చెప్పించుకోండి. దీనికి నీళ్లు నమిలితే చేర్చకండి.

చదువు రానివారి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి మాట నుంచి చివరిదాకా పక్కనే కూర్చోవాలి. అంతా అయ్యాక నర్సును పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. పూర్తిగా కొత్త అణువుతో, అంటే ఇంతకుముందు మందుగా వాడని పదార్థంతో, చేసే ట్రయల్‌లో, బలహీన స్థితిలో ఉన్నవారిని చేర్చుకుంటే సమ్మతి తతంగమంతా వీడియో తీయాలి.

సమ్మతి పత్రంలో నామినీ పేరు, చిరునామా రాసే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. ప్రాణం పోతే పరిహారం ఎవరికన్నది ఆ గడే చెబుతుంది. సీటీఆర్ఐ నంబరు కూడా చూడండి. మన దేశంలో ట్రయళ్లు నమోదయ్యే జాబితా అది, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ట్రయల్‌ను ఆమోదించి, చేరినవారి క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కాగితంలో ఉందో లేదో చూసి, ముందే ఒకసారి చేసి చూడండి. ఆ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది ఆ సంస్థకు బయటివారు కావాలి. వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, ఒక మహిళ తప్పనిసరి. సంతకాలయ్యాక ఒక ప్రతి మీ చేతికి రావాలి.

మరొక్క మాట. నెలనెలా మందుల ఖర్చుతో నలిగే ఇంట్లో "ఉచితం" అన్న మాటకు కాదనడం ఎంత కష్టమో మాకు తెలుసు. వద్దన్నా, మధ్యలో మానేసినా, అమ్మకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు. అది ఆమె హక్కు.

ప్రశ్న: ఖమ్మంలో టీకా వేశాక ఆడపిల్లలు చనిపోయారని మా వైపు ఇప్పటికీ అంటారు. మా పాపకు హెచ్‌పీవీ టీకా వేయించాలంటే భయం.
– ఒక తల్లి, భద్రాచలం

జవాబు: మీ భయానికి కారణం ఉంది. కానీ ఇందులో రెండు సంగతులు కలిసిపోయాయి. 2009 జులైలో అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఈ టీకా మొదలుపెట్టింది. గుజరాత్‌లోనూ ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పాముకాటు, పురుగుమందు, నీళ్లలో మునగడం, మలేరియా ఐదుగురి మరణాలకు కారణాలని విచారణలో తేలింది. మిగతా ఇద్దరి విషయంలో కారణం కచ్చితంగా తేలకపోయినా, టీకా వల్ల కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది.

అయితే తప్పు జరగలేదని కాదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన లెక్క చూడండి: మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కొండల్లో ఉన్న తల్లిదండ్రులను అడగడం కష్టమని వార్డెన్ చేత పెట్టించిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది? దీన్ని ట్రయల్ అనకుండా ప్రదర్శనా ప్రాజెక్టు, అంటే టీకా ఎలా అందించవచ్చో చేసి చూపే పని, అన్నారు. పేరు మారినా పిల్లల మీద చేసే పరిశోధన పరిశోధనే అని మా అభిప్రాయం.

ఇప్పుడు మీ పాపకు వేసేది అనుమతి పొంది చాలా దేశాల్లో వాడుకలో ఉన్న టీకా. మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి ధైర్యంగా వేయించండి. బడిలో వేస్తామంటే మాత్రం సంతకం మీదే అయ్యుండాలి.

ప్రశ్న: మా తమ్ముడు (35) హైదరాబాద్ వెళ్లి మాత్ర వేసుకుని రక్తమిచ్చి డబ్బు తెస్తున్నాడు. నెలకో చోటికి పోతున్నాడు. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నెలకోసారి అయితే ప్రమాదమే. జెనరిక్ మాత్ర, అంటే అదే మందుతో వేరే కంపెనీ చేసేది, అసలు మాత్రతో సమానంగా రక్తంలో కలుస్తుందో లేదో చూసే పరీక్ష అది. చేతికి సూది గొట్టం ఉంచి గంటల లెక్కన పదే పదే రక్తం తీస్తారు. ఒంట్లోంచి మందు పోయేదాకా ఆగి, రెండో మాత్రతో మళ్లీ అంతా చేస్తారు. సాధారణంగా రెండు పరీక్షల మధ్య 90 రోజుల ఎడం అడుగుతారు. అది దాచి ఇంకోచోట చేరితే రెండు మందులు ఒంట్లో కలిసి కాలేయానికి చేటు రావచ్చు, హిమోగ్లోబిన్ పడిపోవచ్చు. పైగా పరీక్ష ఫలితమే తప్పుతుంది. ఆ మాత్ర రేపు వేల మంది రోగులు వేసుకునేది.

చెల్లింపు ఎంత అన్నది ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి. మధ్యవర్తి కోసుకోవడానికి వీల్లేదు. పరీక్ష వల్ల ఏదైనా జరిగితే వైద్యం ఉచితం. తీవ్రమైనదైతే డాక్టరు 24 గంటల్లో ప్రభుత్వ నియంత్రణ సంస్థకు, కమిటీకి తెలపాలి. పరీక్ష వల్లే మరణం సంభవిస్తే 2019 నిబంధనల ప్రకారం లెక్క ఇలా: 8 లక్షలను వయసు గుణకంతో, ముప్పు గుణకంతో హెచ్చవేసి 99.37తో భాగించాలి. 35 ఏళ్లకు వయసు గుణకం 197.06, ఆరోగ్యవంతుడికి ముప్పు గుణకం 4. అంటే దాదాపు 63 లక్షల 46 వేల రూపాయలు. చేతిలో సమ్మతి పత్రం ప్రతి లేకపోతే, అతను అసలు ఆ పరీక్షలో ఉన్నాడని చూపడమే మీకు కష్టమవుతుంది. ఇన్నాళ్లూ వెళ్లొచ్చిన చోట్ల నుంచి ఆ ప్రతులు అడిగి తెచ్చుకొమ్మనండి.