ఆకు కదలని పూటే ఊరు విడవాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా తుపాను గురించినవే. సముద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉండే ఓరుగల్లు వారికి తుపాను గొడవ ఎందుకని ఇదివరకు కొందరు అనేవారు. 2025 అక్టోబర్ 29న మొంథా తుపాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలలోకి నీళ్లు వచ్చిన తర్వాత ఆ మాట ఎవరూ అనడం లేదు. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయిని కృష్ణా జిల్లాలో నాగాయలంక అవతల, పడవ దాటి వెళ్లవలసిన ఒక చిన్న ఊరికి ఇచ్చాము. కిందటి తుపాను ముందు రోజు ఫోన్ చేస్తే, "ఇక్కడ ఎండ కాస్తోందమ్మా, ఆకు కూడా కదలడం లేదు. అధికారులు వచ్చి బయలుదేరమంటున్నారు, మామయ్యగారేమో రేపు చూద్దామంటున్నారు" అని చెప్పింది. ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. అంత ముందుగా ఊరు ఖాళీ చేయించడం అవసరమా? మళ్లీ అటువంటి సమయం వస్తే వియ్యాలవారికి నేనేమని చెప్పాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అవసరమేనమ్మా. మీ అమ్మాయి చెప్పిన ఆ ఎండను ధైర్యం ఇచ్చే గుర్తుగా తీసుకోకూడదు. తుపాను నడుమ పైకి లేచిన గాలి చాలా దూరం వెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది. అలా దిగే చోట మేఘాలు విడిపోయి, ఉక్కపోతతో కూడిన ఎండ కాయడం వింతేమీ కాదు. ఆకాశం కంటే సముద్రమే ముందుగా సమాచారం ఇస్తుంది. తుపాను నడిచే వేగం కంటే అది పుట్టించే పొడవాటి అలలు ప్రయాణించే వేగం ఎక్కువ కనుక, గాలి లేకపోయినా ఒడ్డున అల బరువుగా, ఆగి ఆగి విరుగుతుంది. వేటకు వెళ్లే పెద్దలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. మీ వియ్యంకులను వాన గురించి కాకుండా "అల ఎలా ఉంది?" అని అడిగి చూడండి.

ఇక అసలు ప్రమాదం దగ్గరకు వస్తాను. టీవీలో గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి అని పదే పదే చెప్పడం వల్ల గాలే ప్రాణాలు తీస్తుందని అనుకుంటాము. గాలి పైకప్పులు లేపుతుంది, చెట్లు కూలుస్తుంది. కానీ బంగాళాఖాతం తీరంలో వేల మందిని ఒక్క రాత్రిలో పొట్టన పెట్టుకున్నది ఉప్పెన. తుపాను నడుమ వాయుపీడనం ఒక్కో మిల్లీబార్ తగ్గినప్పుడు సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. మన బంగాళాఖాతంలో ఎంత పెద్ద తుపానులోనైనా ఆ లెక్కన వచ్చే పెరుగుదల సుమారు ఒక మీటరుకు మించదు. మిగిలినదంతా గాలి ఒడ్డు వైపు తోసుకొచ్చే నీరు. లోతైన సముద్రంలో ఆ నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. కృష్ణా, గోదావరి నదులు వేల ఏళ్లుగా ఒండ్రు పోసిన తీరంలో సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువగా ఉంటుంది కనుక, నీటికి వెనక్కి పోయే దారి లేక ఊరి మీదికి ఎక్కుతుంది. అదే సమయానికి పోటు కూడా ఉంటే ఆ ఎత్తు మరింత పెరుగుతుంది.

1977 నవంబర్ 19న వచ్చిన తుపాను చీరాల సమీపంలో తీరం దాటింది. మీ అమ్మాయి ఉండే దివిసీమ అక్కడికి ఈశాన్యాన, చాలా దూరంలో ఉంది. అయినా సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీటికి ఎక్కువగా బలైనది దివిసీమే. మృతులు దాదాపు 10 వేల మంది అని అధికారిక లెక్క. అంతకంటే ఎక్కువే అని ఆ ప్రాంతం వారు నేటికీ చెబుతారు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. అందువల్ల మన తూర్పు తీరంలో తుపాను కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, దక్షిణాన ఉన్న చోట నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. కాబట్టి "తుపాను మా ఊరికి రావడం లేదు, కింద ఎక్కడో దాటుతుందట" అని మీ వియ్యాలవారు నిశ్చింతగా ఉంటే, మీరు భయపడవలసిన సందర్భం అదే.

వాతావరణ శాఖ తుపాను అప్రమత్తతను కనీసం 48 గంటల ముందు, హెచ్చరికను కనీసం 24 గంటల ముందు ఇస్తుంది. తీరం దాటాక లోపలి జిల్లాలలో ఏమి జరగవచ్చో సుమారు 12 గంటల ముందు చెబుతుంది. హనుమకొండలో ఉన్న మనకు 24 గంటలు అంటే నిండుగా ఒక రోజు. పడవ దాటవలసిన ఊరికి అది ఒక రోజు కాదు. తుపాను రాత్రి పదింటికి తీరం దాటుతుందంటే, ఆ ఉదయానికే నదీముఖం దగ్గర పడవ నిలవనంత గాలి ఉండవచ్చు. చీకట్లో వృద్ధులను, బాలింతలను పడవ ఎక్కించలేరు కనుక మిగిలేది అంతకు ముందు రోజు పగలు మాత్రమే. అధికారులు ఎండ కాస్తుండగా తలుపు తట్టడానికి కారణం ఇదే. అటువంటి ఊళ్లలో గంటలను తుపాను తీరం దాటే వేళ నుంచి కాకుండా, ఆఖరి పడవ కదిలే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

మీ వియ్యంకులు మొండివారని అనుకోవద్దు. ఆ ఇంట పాడి ఉంటుంది, అప్పు చేసి కొన్న వల, ఇంజను, పడవ ఉంటాయి. పోయిన ఏడు ఊరు విడిచి వెళ్తే తుపాను దిశ మార్చుకుని వేరే చోట దాటి ఉంటుంది; పునరావాస కేంద్రంలో రెండు రాత్రులు చాలీచాలని చోట పడుకుని తిరిగి వచ్చి ఉంటారు. తుపాను దారి చివరి రోజున కూడా కొంత మారగలదు కనుక, పదిసార్లు ఖాళీ చేస్తే కొన్నిసార్లు ఏమీ జరగకపోవడం సహజం. దాన్ని తప్పుడు హెచ్చరిక అని పిలవడం నాకు ఇష్టం ఉండదు గానీ, ఆ కొన్నిసార్లకు పోయిన కూలి డబ్బులు ఎవరూ తిరిగి ఇవ్వరన్నది కూడా నిజమే. అందుచేత వాదించకుండా పని గురించి మాట్లాడండి. గొడ్లను కట్టు విప్పి మెరక మీదికి తోలారా, పడవను పాయలోకి తెచ్చి కట్టారా, భూమి పత్రాలు, రేషన్ కార్డు ప్లాస్టిక్ సంచిలో పెట్టారా అని అడగండి. ఆ పనులు తీరితే మనిషి కదలడం తేలికవుతుంది. ఆయన ఒక పూట ఉంటానన్నా సరే, అమ్మాయిని, పిల్లలను, వియ్యపురాలిని మొదటి పడవలోనే పంపమని కోరండి. అంత మాత్రం అడిగే హక్కు తల్లిగా మీకు ఉంది.

ఇంకొక్క మాట కూడా చెప్పి ఉంచండి. తుపాను కేంద్రం సరిగ్గా ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా ఆగి నక్షత్రాలు కూడా కనిపించవచ్చు. అది తుపాను కన్ను. కొద్దిసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే ఉధృతితో మళ్లీ వస్తుంది కనుక ఆ విరామంలో ఎవరూ బయటికి రాకూడదు.

ముందుగా కదలడం వల్ల ఏమి మారుతుందో ఒడిశా చూపించింది. 1999 అక్టోబర్‌లో పారాదీప్ దగ్గర దాటిన పెను తుపానుకు దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ దాటేలోగా దాదాపు 10 లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. నడుమ గడిచిన ఆ ఏళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు, ఊరూరా యువకులకు శిక్షణ ఇచ్చారు.

ప్రశ్న: ఓడరేవుల్లో మూడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని వింటాము. నంబరు పెరిగితే తుపాను బలం పెరిగినట్లేనా?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: కొంతవరకే. మీరు రైల్వేలో పనిచేశారు కనుక సిగ్నల్ అన్నది ఎవరి కోసమో వారి భాషలోనే ఉంటుందని మీకు చెప్పనక్కరలేదు. ఈ నంబర్లు ఓడల వారి కోసం పెట్టినవి. 1, 2 దూరపు హెచ్చరికలు. 3, 4 రేవుకే గాలి తాకిడి ఉండవచ్చని చెబుతాయి. 5, 6, 7 ప్రమాదం, 8, 9, 10 మహా ప్రమాదం. అయితే ఈ మూడేసి అంకెలలో తేడా బలానిది కాదు, దిశది. 5, 8 అంటే తుపాను నడిచే దారికి రేవు ఎడమ పక్కన ఉంటుందని, 6, 9 అంటే కుడి పక్కన ఉంటుందని, 7, 10 అంటే రేవు మీదుగా గానీ చాలా దగ్గరగా గానీ దాటుతుందని అర్థం. పడమటికి నడిచే తుపానుకు కుడి పక్క అంటే ఉత్తరం. పై జవాబులో చెప్పిన ఉప్పెన వైపు అదే కనుక, మన తీరంలో 8 కంటే 9 ఎక్కువ భయపడవలసినదే, కానీ దానికి కారణం తుపాను బలం కాదు, దిశ. 11వ సంకేతం అన్నిటికంటే కలవరపెట్టేది: హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

ప్రశ్న: తుపానులకు పేర్లు ఎవరు పెడతారు? మొంథా అంటే ఏమిటి?
– పదో తరగతి విద్యార్థిని, ములుగు

జవాబు: మన సముద్రాల చుట్టుపక్కల ఉన్న 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి, ఆ 169 పేర్ల జాబితా 2020లో వెలువడింది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరి తుపాను అయినప్పుడు వరుసలోని తర్వాతి పేరు పెడతారు. మొంథా థాయిలాండ్ ఇచ్చిన పేరు, పరిమళించే పువ్వు అని అర్థం. పేరు లేని వానను తేలిగ్గా తీసుకోవద్దమ్మా. 2023 జూలై చివరి వారంలో మీ జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అది తుపాను కాదు, దానికి పేరూ లేదు.

ప్రశ్న: "తుపాను తీరం దాటింది" అనగానే టీవీ వారు గండం గడిచినట్లు మాట్లాడతారు. మొంథా కాకినాడ వైపు దాటితే మర్నాడు మా దగ్గర ఎందుకు ముంచెత్తింది?
– డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

జవాబు: తీరం దాటడం గాలికి ముగింపు, వానకు కాదు. తుపానుకు ఆహారం వెచ్చని సముద్రపు ఆవిరి. నేల మీదికి రాగానే ఆ ఆహారం తగ్గి, చెట్లు, గుట్టల రాపిడికి గాలి కొన్ని గంటల్లో నీరసిస్తుంది. కానీ సుడి వెంటనే చెదిరిపోదు. వాయుగుండంగా, అల్పపీడనంగా మారుతూనే బంగాళాఖాతం నుంచి తేమను లాక్కుంటూ ఉంటుంది. అది నెమ్మదిగా నడిస్తే ఒకే చోట గంటల తరబడి కురుస్తుంది. మొంథా 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం సమీపంలో తీవ్ర తుపానుగా దాటింది. మర్నాటికి గాలి చెప్పుకోదగినంత లేదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో మాత్రం 40 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర దాటినది వాయుగుండం మాత్రమే. దాని వానలకే మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం నడుమ పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

మన నేల స్వభావం కూడా ఇందులో ఉంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఒకదాని మత్తడి దుంకితే ఇంకొకటి నిండేలా కట్టినవి. పై చెరువు నీరు కింది చెరువుకు చేరే వాగును పూడ్చి, శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే చోట, ఇళ్లు కట్టుకుంటే నీరు పాత దారినే వెతుక్కుంటుంది. ఈ శీర్షిక రాసే నేను కూడా అటువంటి ఒక కాలనీలో మేడ మీద అద్దెకు ఉండి, "మా వీధికి నీళ్లు రావు" అని కింది వాటావారికి భరోసా ఇచ్చినవాణ్ణే. ఆ రాత్రి వారి బియ్యం బస్తాలు మెట్ల మీదుగా పైకి మోశాను.

ప్రశ్న: అక్టోబర్, నవంబర్‌లలో మాకు పత్తి ఏరడం, వరి కోయడం ఒకేసారి వస్తాయి. తుపాను సంగతి ఎన్ని రోజుల ముందు నమ్మకంగా తెలుస్తుంది? తెలిస్తే ముందు ఏ పని చేసుకోవాలి?
– రైతు, పరకాల

జవాబు: అల్పపీడనం ఏర్పడగానే వార్త వస్తుంది గానీ, మన జిల్లాకు వాన ఎంత అన్నది రెండు మూడు రోజుల ముందు నుంచే కాస్త నమ్మదగినట్లుగా తెలుస్తుంది. తీరంలోని వారికి లేని సౌకర్యం ఇక్కడ మీకు ఉంది. తుపాను తీరం దాటాక మన దాకా రావడానికి సాధారణంగా మరికొన్ని గంటలు పడుతుంది. మేఘదూత్ యాప్‌లో జిల్లా వారీ వ్యవసాయ సలహాలు తెలుగులో ఉంటాయి.

పగిలిన పత్తిని ముందు ఏరండి. తడిసిన దూది రంగు మారడమే కాదు, భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమకు. 12 శాతం దాటితే కొనదు. వరి కోయకుండా ఉంటే తొందరపడి కోయించవద్దు. నిలబడిన పైరు పడిపోయినా, నీరు తీసివేయగలిగితే కొంత దక్కుతుంది. కోసి కల్లంలో పోసిన వడ్లు మాత్రం రెండు రోజుల ముసురుకే మొలకెత్తుతాయి, పైగా 17 శాతం తేమ దాటితే కొనుగోలు కేంద్రంలో తిరగగొడతారు. ఇప్పటికే కోసి ఉంటే కుప్పను మెరక చోటికి మార్చి, టార్పాలిన్‌ను పైన కప్పినట్లే కింద కూడా పరచండి. మొన్నటి వానకు చాలా కల్లాలలో వడ్లు తడిసింది పై నుంచి కాదు, కింద పారిన నీటితో. చుట్టూ జానెడు లోతు కాలువ తీసి ఆ నీటికి దారి చూపండి.