ఒక్కరోజు ట్రెక్‌కి బరువైన బూట్లు కావాలా?

అక్కర్లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే నడకకి, వీపున చిన్న బ్యాగే ఉంటే, పట్టు బాగున్న తేలికపాటి షూ చాలు. కాలికున్న బరువుని అడుగడుగునా ఎత్తి ముందుకు వేయాలి కాబట్టి, అదే బరువు వీపున మోసినదానికంటే ఎక్కువ అలసట తెస్తుంది. రోజుల తరబడి సామాను మోసేటప్పుడో, మంచులోనో అయితే బూట్లు సరే.

ఉదాహరణకి అహోబిలంలో ఉగ్రస్తంభం అనే కొండ శిఖరానికి వెళ్లే దారే చూడండి. వాగు రాళ్ల మీద నడక, ఆపైన నిటారు ఎక్కుడు. అక్కడ కావాల్సింది మందపాటి తోలు కాదు. అడుగున 4-5 మిల్లీమీటర్ల లోతు గాడులున్న రబ్బరు సోలు, జారని మడమ, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ. ఆ ఖాళీ లేకపోతే దిగేటప్పుడు వేళ్లు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. అందుకే పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, ట్రెక్‌కి వాడే సాక్సుతోనే వేసి చూడాలి.

నీళ్లు చొరనివ్వని పొర ఉన్న వాటర్‌ప్రూఫ్ షూ అయితే ఇంకా మేలని చాలామంది అనుకుంటారు. కానీ వాగు దాటేటప్పుడు నీళ్లు పైనుంచే లోపలికి వస్తాయి, ఆ పొర వల్ల తొందరగా బయటికి పోవు. మన ఎండల్లో చెమటా అంతే. వలలాంటి గుడ్డతో చేసిన మెష్ షూ తడుస్తుంది గానీ త్వరగా ఆరిపోతుంది.