ఆత్మ పగ తీర్చుకున్న కథ ఎవరి సొత్తు?

సందేహం: నేనూ నా మిత్రుడూ కలిసి తక్కువ ఖర్చుతో ఓ హారర్ సినిమా తీశాం. హత్యకు గురైన అమ్మాయి ఆత్మగా తిరిగొచ్చి, తనను చంపిన నలుగురి మీద పగ తీర్చుకునే కథ. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు నావి. పెట్టుబడి, దర్శకత్వం అతనివి. రాతపూర్వకంగా ఒప్పందం లేదు, నాకు డబ్బూ ఇవ్వలేదు. ఇప్పుడు ఓటీటీకి అమ్మే బేరం నడుస్తోంది. టైటిల్స్‌లో నా పేరు లేదు. పైగా ముగింపు మార్చి, ఆత్మ అన్నదంతా ఒక పాత్ర భ్రమ అని చూపించాడు. అడిగితే ‘ఇలాంటి దయ్యం కథలు వంద ఉన్నాయి, ఇందులో నీదేముంది?’ అంటున్నాడు. నాకు హక్కేమైనా ఉందా?

సమాధానం: ఉంది. అయితే మీ మిత్రుడి మాటలో కొంత నిజముంది. ముందు అది చెబుతాను.

చనిపోయినవాళ్లు తిరిగొచ్చి పగ తీర్చుకోవడమన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని నాటక రచయిత ఆర్.జి.ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. పాడుబడిన ఇల్లు, అద్దంలో ముఖం, అర్ధరాత్రి తలుపు చప్పుడు ఎవరు హారర్ రాసినా వచ్చేవే. కానీ ఆ అమ్మాయి ఎవరు, నలుగురిలో ముందు ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎందుకు వెళ్లింది, ఏ సీను తర్వాత ఏ సీను, ఎవరి నోట ఏ మాట అన్నవి మీరు రాసిన క్షణం నుంచి మీవి. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా మీవే. ‘వంద కథలున్నాయి’ అన్న వాదన పోలికలున్న వేరే సినిమా తీసినవాళ్లకు పనికొస్తుంది. మీ స్క్రిప్టునే చేతిలో పెట్టుకుని షూటింగ్ చేసినవాడికి కాదు.

ఇక అసలు విషయం. చట్టం దృష్టిలో సినిమా వేరు, స్క్రిప్టు వేరు. సినిమాకు కర్త నిర్మాత, కాబట్టి ‘సినిమా నాది’ అని మీరు వెళ్తే నిలవదు. స్క్రిప్టుకు కర్త మీరు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. మీరు సంతకం చేయలేదు. డబ్బు పెట్టి తీయించాను కనుక అంతా నాదేనని అతను అనడానికీ వీల్లేదు. సినిమాలో వాడిన రచన మీద రచయిత హక్కును కాపాడుతూ 2012లో 17వ సెక్షన్‌కు సవరణ వచ్చింది. రేపు మీరు హక్కులు రాసిచ్చినా, థియేటర్ ప్రదర్శన కాకుండా ఇతర రూపాల్లో వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు మీకు మిగిలే ఉంటుంది. ఓటీటీ విషయంలో ఇది మీకు చాలా ముఖ్యం.

అవతలి లాయరు ఏమంటాడో కూడా తెలుసుకోండి. ‘స్క్రిప్టు ఇష్టపూర్వకంగా ఇచ్చాడు, షూటింగ్‌లో పక్కనే ఉన్నాడు, అంటే అనుమతి ఉన్నట్టే’ అంటాడు. ఈ వాదనకు బలముంది. అందుకే సినిమానే పూర్తిగా ఆపించాలన్న పట్టుదల కన్నా, పేరు కోసం, డబ్బు కోసం పోరాడమని నా సలహా.

పేరు విషయంలో మీ పక్షం గట్టిది. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకు ఉంటుంది. ముగింపు సంగతి అంత తేలిక కాదు. మార్పు మనకు నచ్చకపోతే సరిపోదు, దానివల్ల రచయిత గౌరవానికో పేరుకో భంగం కలిగిందని చూపాలి. న్యాయం దొరకని అమ్మాయి తానే వచ్చి లెక్క తేల్చుకోవడం మీ కథకు ప్రాణం. దాన్ని భ్రమగా మార్చడమంటే కథను తలకిందులు చేయడమే. ఒక రచయితగా మీ బాధ నాకు అర్థమవుతోంది, ఈ వాదన వినిపించదగ్గదే. కానీ కేసంతా దీనిమీదే నిలబెట్టకండి.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. స్క్రిప్టు పాత డ్రాఫ్టులు, పంపిన ఈమెయిళ్లు, వాట్సాప్ సంభాషణలు యథాతథంగా భద్రం చేయండి. ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాధారాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది.

తర్వాత లాయరు ద్వారా నిర్మాతకూ, బేరమాడుతున్న ఓటీటీ సంస్థకూ నోటీసు పంపండి. ఓటీటీ సంస్థలు సాధారణంగా సినిమా కొనేముందు రచయిత నుంచి హక్కుల పత్రం ఉందా అని చూస్తాయి. మీ సంతకం లేని లోటు అక్కడ బయటపడుతుంది. కోర్టు దాకా పోకుండానే చాలా తగాదాలు ఈ దశలోనే తీరడం నేను చూశాను. నోటీసులో మాత్రం ఉన్నదే రాయించండి. ఆధారం లేని బెదిరింపులకు కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద ఎదురు దావా వేయొచ్చు.

రాజీ కుదిరితే పత్రం మీద తొందరపడి సంతకం పెట్టకండి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని చట్టం అనుకుంటుంది. రీమేక్, సీక్వెల్ హక్కుల ప్రస్తావన విడిగా ఉండాలి. ఆ ఆత్మ రెండో భాగంలోనూ తిరిగి రావచ్చు, అప్పుడు ఆమె కథ రాసే హక్కు మీ దగ్గరే ఉండాలి.