టోక్యో వెళ్తున్నారా? సుషీ సంగతి తర్వాత, ముందు దాషి కాయడం నేర్చుకోండి

మీవారికి టోక్యోలో ఉద్యోగం వచ్చిందనీ, ఆయన చేప, కోడి తింటారనీ, మీరు శాకాహారి అనీ రాశారు. అక్కడి తిండి ఇష్టంగా తినగలమా, లేక కుక్కర్, కారప్పొడి మోసుకెళ్ళి ఇంటివంటతోనే గడపాలా అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాను. మన దేశంవాళ్ళు ఎక్కువగా ఉండే పేట ఇది. కందిపప్పు, చింతపండు నడిచివెళ్ళే దూరంలోనే దొరుకుతాయి. కాబట్టి పప్పన్నం గురించి టెన్షన్ వద్దు. కానీ అక్కడితో ఆగిపోకండి. జపాన్ వంట మన నోటికి బాగా పడుతుంది, శాకాహారికి కూడా. కాకపోతే దాన్ని హోటల్లో కాదు, ఇంట్లో మొదలుపెట్టాలి. ఇది నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఆ వంటలకు చాలావరకు ఆధారం దాషి అనే పలుచటి రసం. మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో అదే, ఉడాన్ అనే లావు గోధుమ నూడుల్స్‌లో అదే, ఉడికించిన కూరల్లో, టెంపురా ముంచుకునే పులుసులో, చివరికి గుడ్డు అట్టులో కూడా అదే. మామూలుగా కొంబు అనే ఎండబెట్టిన సముద్రపు నాచుతోనూ, కట్సువోబుషి అనే ఎండుచేప తరుగుతోనూ కాస్తారు. మన నాలుక పులుపూ కారమూ వెతుక్కుంటుంది, ఇక్కడి రుచి ఆ రెండింటిలోనూ ఉండదు. అందుకే చాలామంది మనవాళ్ళు నాలుగు హోటళ్ళు తిరిగి, అంతా చప్పగా ఉందని తేల్చేస్తారు. దాషి రుచి ఒకసారి ఇంట్లో పట్టుబడితే బయట తిన్నదాంట్లో కూడా అది తెలుస్తుంది. 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కికునాయె ఇకెడా కొంబు రసంలోంచే గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడే అజినొమోటో అమ్మకానికి వచ్చింది. ఎండు షీటాకే పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అనే పదార్థం ఉంటుంది. అది కొంబుతో కలిస్తే రెండూ విడివిడిగా ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువ రుచి వస్తుంది. అందువల్ల చేప ముట్టకుండానే మీకు నిండైన దాషి తయారవుతుంది.

లీటరు నీళ్ళకు 10 గ్రాముల కొంబు, నాలుగైదు ఎండు షీటాకే వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కొంబు ముక్క మీద తెల్లగా పొడిలాంటిది కనిపిస్తుంది. బూజేమో అనుకుని కడిగేయకండి, రుచికి పనికొచ్చేది అదే. తడిగుడ్డతో పైపైన దుమ్ము తుడిస్తే చాలు. పొద్దున్న సన్నని సెగ మీద పెట్టి, గిన్నె అడుగున చిన్న బుడగలు లేవగానే కొంబు తీసేయండి. తెర్లనిస్తే జిగురు దిగి, నాచు వాసన పట్టేస్తుంది. మీవారికి విడిగా కావాలంటే, కొంబు తీశాక ఒక పొంగు రానిచ్చి, స్టవ్ ఆపి, గుప్పెడు కట్సువోబుషి వేసి, అది అడుగుకు దిగాక పలుచటి గుడ్డలో వడకట్టండి. గుడ్డను పిండకూడదు, పిండితే చేదు దిగుతుంది.

ఇక మీసో సూప్ ఐదు నిమిషాల పని. దాషిలో టోఫు ముక్కలు, నానబెట్టిన వకామె అనే సముద్రపు ఆకు వేసి వేడెక్కాక స్టవ్ ఆపి, అప్పుడు మీసో ముద్దను చిన్న జల్లెడలో పెట్టి గరిటెతో కరిగించాలి. మీసో వేశాక మరిగిస్తే ఆ కమ్మటి వాసన పోతుంది. సూపర్ మార్కెట్‌లో 'దాషి ఇరి' అని రాసి ఉన్న మీసో మీరు కొనకండి. అందులో సాధారణంగా చేప దాషి కలిపి ఉంటుంది. సోయా, బియ్యం, ఉప్పు మాత్రమే ఉన్న రకాలు పక్కనే దొరుకుతాయి.

కూరగాయల దగ్గర మీకు ఇబ్బందే ఉండదు. బెండకాయను ఇక్కడా 'ఒకురా' అని అమ్ముతారు. ఉప్పు రాసి, ఒక్క నిమిషం ఉడికించి, చక్రాలుగా కోసి సోయా సాస్ చుక్క వేసుకుంటే అయిపోయింది. వంకాయను నిలువుగా కోసి నూనెలో మగ్గించి, మీసో, చక్కెర, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) కలిపిన ముద్ద పైన పూసి కాలిస్తే నాసు దెంగాకు. మా ఇంట్లో అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యే గిన్నె మాత్రం గోమా-ఆయె. నువ్వులు దోరగా వేయించి సురిబాచిలో నూరాలి. అది లోపలంతా సన్నని గాళ్ళు గీసిన మట్టి రోలు. నువ్వులు ఆ గాళ్ళలో చిక్కుకుని సగం పొడిగా, సగం ముద్దగా నలుగుతాయి. అందులో చెంచా సోయా సాస్, కాస్త చక్కెర వేసి, ఉడికించి నీళ్ళు పిండేసిన పాలకూర కలిపేయడమే. మిక్సీలో చేస్తే నూనె వదిలేసి ఈ రుచి రాదు. సురిబాచి ఒకటి కొనుక్కోండి, మన కొబ్బరి పచ్చడికీ పనికొస్తుంది.

అన్నానికి కోషిహికారి లాంటి ఇక్కడి పొట్టి బియ్యం వాడండి. ముద్దలు కడుతుంది కాబట్టి పులుసుల్లో కలుపుకోవడానికి అంత బాగుండదు, దాన్ని విడిగానే తినాలి. పక్కన ఒక ఉమెబోషి ఉంటే చాలు. ఉప్పులో ఊరి, వేసవి ఎండలో ఎండిన ఆ పుల్లటి కాయ పెరుగన్నంలోకి మన ఊరగాయంత బాగుంటుంది. వకయామా వైపు నాంకో రకం కండపట్టి ఉంటుంది. తేనె కలిపినవీ, చేప తరుగు కలిపినవీ కూడా ఉంటాయి, చూసి కొనండి.

బయట తినడం విషయానికొస్తే, మీవారికి సోబా (బక్‌వీట్ పిండి నూడుల్స్) కొట్టుతో మొదలుపెట్టమనండి. స్టేషన్లలో నిలబడి తినేవి చవక. తలుపు దగ్గర మెషీన్‌లో డబ్బు వేసి టికెట్ తీసుకుని లోపల ఇవ్వడమే. తీరిగ్గా కూర్చుని తినే కొట్టులో అయితే జారు సోబా చెప్పమనండి. వెదురు తట్ట మీద చల్లటి నూడుల్స్, పక్కన ముంచుకునే త్సుయు. చివర్లో సోబా ఉడికిన వేడినీళ్ళు తెచ్చిపెడతారు, మిగిలిన త్సుయులో కలుపుకుని తాగాలి. మీకు మాత్రం త్సుయులో చేప అడ్డం. ఇంట్లో మీ దాషి నాలుగు వంతులు, సోయా సాస్ ఒకటి, మిరిన్ ఒకటి కలిపి కాచి చల్లార్చండి, ఎండు సోబా ప్యాకెట్ ఉడికించుకుంటే అదే భోజనం మీదీ. మధ్యాహ్నం పూట తెయిషోకు హోటళ్ళు ఆయనకు బాగా సరిపోతాయి. కాల్చిన చేప, అన్నం, సూప్, ఊరగాయ ఒకే పళ్ళెంలో వస్తాయి.

మీరు 'నికు తో సకానా వా తబెరారెమాసెన్' (మాంసం, చేప తినలేను) అని చెప్పడం నేర్చుకోండి. అంతటితో ఆగితే కోడిమాంసం ముక్కో, హామ్ ముక్కో పడొచ్చు, దాషి అయితే తప్పకుండా పడుతుంది. అందుకే 'తోరినికు' (కోడిమాంసం), 'హాము', 'దాషి' అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగండి. సుషీ దుకాణంలో మీకు కప్పా మాకి (కీరదోస చుట్ట), నట్టో మాకి (పులియబెట్టిన సోయా గింజల చుట్ట) ఉన్నాయి. కూర ముద్దల ప్యాకెట్లు కొనేటప్పుడు ఇద్దరూ జాగ్రత్త, చాలావాటిలో ఎద్దు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది. కారం తినాలనిపిస్తే కోకో ఇచిబాన్యా అనే కర్రీ హోటళ్ళ చెయిన్ చాలా బ్రాంచీల్లో జంతు పదార్థాలు లేని కర్రీ పెడుతుంది, కారం స్థాయి మనమే చెప్పుకోవచ్చు. సూప్‌లోకి, ఉడాన్‌లోకి షిచిమి అనే ఏడు దినుసుల కారప్పొడి తెచ్చుకోండి. అసకుసాలో యాగెన్‌బోరి అని 1625 నాటి కొట్టు ఉంది. మిరప ఎక్కువ వేయమంటే మన ఎదుటే కలిపి ఇస్తారు.

ఒకసారి వకయామాలోని కోయసాన్ కూడా వెళ్ళి రండి. కూకాయ్ అనే బౌద్ధ సన్యాసి 9వ శతాబ్దంలో స్థాపించిన ఆ కొండ మీద బస ఇచ్చే బౌద్ధ ఆలయాలు 50కి పైగా ఉన్నాయి. అక్కడ వడ్డించే షోజిన్ ర్యోరిలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. దాషి కొంబు, షీటాకేలదే. నువ్వులు, కుజు పిండి కలిపి కాచిన గోమా దోఫు, దాషి పీల్చుకున్న కోయా దోఫు (గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు) మీరు ఏ అనుమానం లేకుండా తినొచ్చు. బస ముందుగా బుక్ చేసుకోండి. రాత్రి భోజనం సాయంత్రం పెందరాళే పెట్టేస్తారు కాబట్టి చీకటి పడకముందే కొండెక్కేలా రైలు చూసుకోండి.