ఒక్క కాగితమే ఇచ్చారని కంగారు పడకు

అమలాపురం

చిరంజీవికి పెదనాన్న దీవెనలు.

నువ్వు ఫోన్లో పంపిన మీ జాజ్ బ్యాండ్ కాగితం చూశాను. ట్యూన్, దాని మీద రెండు కార్డుల (కలిపి మోగించే స్వరాల) పేర్లు, అంతే. మిగతా టైమంతా అప్పటికప్పుడు సొంతంగా ఏం వాయించాలా అని టెన్షన్ పడుతున్నావు. 1959లో న్యూయార్క్‌లో 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన వాళ్ల చేతికిచ్చింది కూడా ఇలాంటి చిన్న స్కెచ్‌లే. మీరు ఎంచుకున్న 'సో వాట్' అందులోదే.

ఇందులో నీకు తెలియని స్వరం లేదు నాన్నా. ఈ ట్యూన్ నడిచే డి డోరియన్ స్కేలు అంటే మన ఖరహరప్రియ రాగం స్వరాలే. పదహారు బార్లు (బారంటే నాలుగు దెబ్బలు) డి షడ్జం, తర్వాత ఎనిమిది 'ఈ ఫ్లాట్' (డి పక్కనే పై మెట్టు), మళ్లీ ఎనిమిది డి. నీది ఆల్టో సాక్సోఫోన్, దాని మీద స్వరాల పేర్లు మారతాయి కాబట్టి నీ వేళ్లకి బి, సి, మళ్లీ బి. గమకాలు మాత్రం కచేరీలో లాగా వెయ్యకు.

కష్టమంతా ఆ 32 బార్లు లోపల తిరుగుతూ ఉండడంలోనే. మద్రాసులో మొదటిసారి నాకు సోలో ఇస్తే ఊపిరాడకుండా వాయించేశాను. శ్రుతి మారిన సంగతే తెలీలేదు. పియానో ఆయన ఈ ఫ్లాట్ కార్డు రెండుసార్లు గట్టిగా కొట్టి దారిలోకి తెచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సెలవుకి ఊరొచ్చి, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం చేరేదాకా నోటితో పాడుకునేవాణ్ణి. ఎనిమిది బార్లకో వేలు మడవాలి, రెండు, నాలుగు దెబ్బల మీద చిటికె వెయ్యాలి. మన తాళం అలవాటుకి చెయ్యి ఒకటి మీదకే పోతుంది. పైగా ఇంజిన్ చప్పుడు దాని లయలోకి లాగేది. దానికి లొంగకుండా మూడో వేలు దగ్గర శ్రుతి మార్చాలి. నువ్వూ నోటితోనే మొదలుపెట్టు. వారం దాకా సాక్సు పెట్టె తియ్యకు.

తర్వాత ఒక చుట్టు, అంటే ఆ 32 బార్లూ, మూడే స్వరాలతో వాయించు. రెండు బార్లు వాయించి రెండు బార్లు ఊరుకో. ఆ ఖాళీలో పియానో ఏదో అంటుంది, నీ తర్వాతి మాట అందులోంచి తీసుకో. ఒక స్వరం తప్పు పడితే పక్క మెట్టు మీదే సరైనది ఉంటుంది, జారిపో, ఆగకు.

ఎవరు మొదలెట్టాలి, ఒక్కొక్కరికి ఎన్ని చుట్లు, ఎలా ముగించాలి, ఈ మూడూ ముందే మాట్లాడుకోండి. ఎవరైనా తన తల మీద చెయ్యి పెడితే అది సైగ, మళ్లీ ట్యూన్‌కి రమ్మని. చివర్లో డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకునేటప్పుడు అతని నాలుగూ నువ్వే లెక్కపెట్టుకోవాలి.

ఆదివారం రిహార్సల్ రికార్డు చేసి పంపు. నీ సోలో కంటే ముందు బేస్ వాయించే అబ్బాయిని విను, నేనూ ముందు అతన్నే వింటాను.

ఇట్లు,
పెదనాన్న